ముఖ్య అతిథి లేని పండగ

దక్షిణ కొరియాలో బడి పండగ రోజున ఎవరూ జ్యోతి వెలిగించరు. ప్రార్థనా గీతం ఉండదు. పెద్దల్ని పేరు పేరునా వేదిక మీదికి పిలవడం ఉండదు. హాల్లో లైట్లు ఆరతాయి. ఒక అబ్బాయి, ఒక అమ్మాయి చెరో మైకు పట్టుకుని పరుగున వస్తారు, ఏదో హాస్యమాడతారు, కింద కూర్చున్న వందల మంది పిల్లలు ఒక్కసారిగా కేకలు పెడతారు. అంతే, పండగ మొదలైపోయింది. మన బళ్ళ వార్షికోత్సవాల్లో ఆ కేక వినబడాలంటే తక్కువలో తక్కువ గంటన్నర ఆగాలి.

నేను కొంతకాలం ఆ దేశంలో ఒక మిడిల్ స్కూల్లో ఇంగ్లీషు చెప్పాను. తెలుగువాడు కొరియా వెళ్ళి ఇంగ్లీషు చెప్పడమేమిటని మీకు అనుమానం రావచ్చు. అక్కడివాళ్ళకీ వచ్చింది. 1995లో కొరియా ప్రభుత్వం ‘ఎపిక్’ అనే పథకం పెట్టి విదేశీ టీచర్లను సర్కారు బళ్ళకు రప్పించడం మొదలుపెట్టింది. అమెరికా, కెనడా, బ్రిటన్, ఐర్లండ్, ఆస్ట్రేలియా, న్యూజిలాండ్, దక్షిణాఫ్రికా పౌరులకే ఆ అవకాశం. మనవాళ్ళకు దారి దొరికింది వేరే చోట. భారత్, కొరియాలు 2009 ఆగస్టులో సంతకాలు చేసిన ఆర్థిక భాగస్వామ్య ఒప్పందం 2010 జనవరి 1న అమల్లోకి వచ్చింది. సుంకాలూ సరుకులూ నిండిన ఆ కాగితాల్లో, ఉపాధ్యాయ అర్హతలున్న భారతీయులు కొరియా బళ్ళలో ఇంగ్లీషు సహాయ బోధకులుగా పనిచేయవచ్చన్న మాట కూడా ఒకటుంది.

దానివల్ల నాకు దొరికిన సౌకర్యం ఏమిటంటే, ఆ పండగను రెండు జతల కళ్ళతో చూడగలగడం. పక్క ఊరి బడిలో అమెరికా నుంచి వచ్చిన మిత్రుడొకాయన పనిచేసేవాడు. వారాంతాల్లో కలుసుకున్నప్పుడు వాళ్ళ బడి కబుర్లు ఆయన చెప్పేవాడు, మా బడివి నేను చెప్పేవాణ్ణి. ఆయన నోరెళ్ళబెట్టిన వాటిలో సగం నాకు మామూలుగా తోచాయి. నేను నోరెళ్ళబెట్టినవి ఆయన కంటికి ఆనలేదు.

కొరియాలో చదువుల సంవత్సరం మార్చిలో మొదలవుతుంది. రెండు సెమిస్టర్లు, ఒక్కో సెమిస్టరుకు సాధారణంగా మధ్యలో ఒక పరీక్ష, చివర ఒక పరీక్ష. పండగ ఎప్పుడన్నది పంచాంగం చెప్పదు, పరీక్షల పట్టిక చెబుతుంది. అక్టోబరు పరీక్షలు అయిపోగానే కొన్ని బళ్ళు చేసుకుంటాయి. డిసెంబరు పరీక్షలు ముగిశాక, చలికాలపు సెలవులకు ముందు మరికొన్ని చేసుకుంటాయి. బడి వదిలాక నేరుగా ‘హాగ్వన్’ అనే ట్యూషన్ కేంద్రానికి వెళ్ళి, ఏ రాత్రి తొమ్మిదింటికో పదింటికో ఇల్లు చేరే పిల్లలు వాళ్ళు. సియోల్‌లో అయితే రాత్రి పది దాటాక ట్యూషన్లు నడపకూడదని నిబంధనే పెట్టాల్సి వచ్చింది. అలాంటి పిల్లలకు పుస్తకం ముట్టుకోనక్కర్లేని ఒక్క రోజు దొరికితే ఎలా ఉంటుందో ఊహించుకోండి.

పండగ వస్తోందన్న సంగతి బయటి టీచరుకు చివరిదాకా తెలియదు. పాఠం సిద్ధం చేసుకుని క్లాసుకు వెళితే బల్లలన్నీ గోడ పక్కకు చేరి ఉంటాయి. కిటికీలకు నల్ల ప్లాస్టిక్ సంచులు అతికిస్తూ ఉంటారు పిల్లలు. ఏమిట్రా ఇదంటే, దయ్యాల కొంప కడుతున్నాం టీచర్, మీరూ రావాలి, టికెట్టు కొనుక్కోవాలి అంటారు. పాఠం సంగతి ఎత్తితే జాలిగా చూస్తారు. మా అమెరికా మిత్రుడికి ఇది తీరని బాధ. నెల ముందు కాగితం మీద రాసివ్వరు, మార్పు ఉంటే చెప్పరు, అందరికీ తెలిసిన విషయం తనకొక్కడికే తెలియదు అని వాపోయేవాడు. నాకు పెద్దగా పట్టింపు అనిపించలేదు. మన సర్కారు బళ్ళలో చదువుకున్నవాళ్ళకు, పొద్దున బడికి వెళ్ళాక ఇవాళ క్లాసుల్లేవని తెలియడం చిన్నప్పటినుంచీ అలవాటే కదా!

తయారీలో నన్ను ఆకట్టుకున్నది బట్టల వ్యవహారం. పండగకో, ఆటల పోటీల రోజుకో ప్రతి సెక్షనూ తనకంటూ ఒక ‘బాన్-టీ’ తెప్పించుకుంటుంది, అంటే క్లాసు చొక్కా. అది చొక్కాయే కానక్కర్లేదు. ఒక సెక్షన్ మొత్తం ఫుట్‌బాల్ జెర్సీల్లో వస్తుంది, వీపు మీద ఒక్కొక్కరి మారుపేరుతో. ఇంకో సెక్షన్ పల్లెటూరి ముసలమ్మలు పొలం పనికి వేసుకునే పూల పూల వదులు పైజామాల్లో దిగుతుంది. మరొకటి డైనోసార్ల తోకలు తగిలించుకుని వస్తుంది. ఏది వేసుకోవాలో క్లాసులో ఓటు వేసుకుని తేల్చుకుంటారు, ఇంటర్నెట్లో ఆర్డరిస్తారు. క్లాసు టీచరుకు కూడా ఒకటి తెప్పిస్తారు, టీచరు దాన్ని వేసుకు తీరాలి. గణితం చెప్పే యాభై ఏళ్ళ పెద్దమనిషి డైనోసారు తోకతో స్టాఫ్ రూములో కూర్చుని మార్కులు ఎక్కించుకుంటూ ఉంటే, ఎవరూ నవ్వకుండా తమ పని తాము చేసుకుపోతుంటారు.

ఇక వేదిక దగ్గరికి వద్దాం. అసలు తేడా అంతా అక్కడే ఉంది.

మన వార్షికోత్సవం ఎలా ఉంటుందో మీకు కొత్తగా చెప్పాలా? వేదిక మీద ఎత్తుగా కుర్చీలు, వాటి మీద తువ్వాళ్ళు, బల్ల మీద నీళ్ళ సీసాలు. ఎమ్మెల్యేగారు రావాలి, మండల విద్యాధికారి రావాలి, దాత రావాలి. ఒకరు రాకపోతే మొదలుపెట్టడానికి లేదు, వచ్చాక ఆపడానికి లేదు. శాలువాలు, జ్ఞాపికలు, నివేదిక, సందేశం, మళ్ళీ సందేశం, వందన సమర్పణ. సాయంత్రం నాలుగింటికి ముఖానికి రంగు పూసుకున్న పిల్లలు రాత్రి తొమ్మిదింటికి అదే రంగుతో తెర వెనక గోడకానుకుని నిద్రపోతుంటారు. పండగ పిల్లలదే, కానీ వేదిక పెద్దవాళ్ళది. మనకది తప్పుగా కూడా అనిపించదు.

కొరియా మిడిల్ స్కూలు, హైస్కూలు పండగల్లో పెద్దల పాత్ర అయిదారు నిమిషాలతో సరి. కొన్ని చోట్ల జెండా వైపు తిరిగి గుండె మీద చెయ్యి వేసుకుని వందనం చేస్తారు. హెడ్మాస్టరు నాలుగు ముక్కలు చెప్పి దిగిపోతాడు. ఆ తర్వాత మైకు, లైట్లు, పాటల పట్టిక, ఎవరి తర్వాత ఎవరన్న నిర్ణయం, అంతా విద్యార్థి సంఘం చేతిలో ఉంటుంది. ఆ సంఘానికి ఏటా ఎన్నికలు జరుగుతాయి, పోస్టర్లు అంటిస్తారు, గేటు దగ్గర నిలబడి వంగి వంగి దండాలు పెట్టి ఓట్లడుగుతారు. గెలిచినవాళ్ళకు ఏడాదిలో పెద్ద పరీక్ష ఈ పండగే. ఒక అంశానికి మూడు నాలుగు నిమిషాలు. ఒకటి అయిపోయేలోపు తర్వాతివాళ్ళు మెట్ల దగ్గర సిద్ధంగా ఉంటారు. పదమూడు, పద్నాలుగేళ్ళ పిల్లలు చెవిలో ఇయర్‌ఫోన్ పెట్టుకుని, చేతిలో కాగితం చూసుకుంటూ, ఎవర్నీ కసరకుండా ఇదంతా నడిపిస్తుంటే నేను ఆట మానేసి వాళ్ళనే చూస్తూ కూర్చునేవాణ్ణి. ఆ పిల్లలే మామూలు రోజుల్లో క్లాసులో ఒక్క ప్రశ్నకు చెయ్యెత్తరు. ఎత్తితే తప్పు చెబుతామేమోనన్న భయం.

అయితే ఒక వెలితి కూడా చెప్పాలి. ఈ పండగ పనిదినం రోజున, పగటిపూట జరుగుతుంది. హాల్లో తల్లిదండ్రులు దాదాపు కనిపించరు. నాకది మింగుడుపడలేదు. మన వార్షికోత్సవంలో ఎన్ని లోపాలున్నా, మూడో వరసలో నాయనమ్మ ఉంటుంది. మనవరాలు స్టేజీ మీద స్టెప్పు మరిచిపోయి నిలబడిపోతే కింద నుంచి తనే చేతులు ఊపి చూపిస్తుంది. అక్కడ పిల్లల్ని చూడటానికి పిల్లలే ఉంటారు. దీని గురించి మా బడిలో సాంఘికశాస్త్రం చెప్పే ఆవిడని అడిగాను. అమ్మానాన్నలు కూర్చుంటే వీళ్ళు ఇలా ఎగురుతారా అంది ఆవిడ. ఆ మాటా నిజమే.

తల్లిదండ్రులు వచ్చే పండగలు ప్రాథమిక పాఠశాలలవి. అక్కడ చిన్నపిల్లల కళా ప్రదర్శన ఒకటి జరుగుతుంది. దాని నియమం ఏమిటంటే, సాధారణంగా క్లాసు మొత్తం ఎక్కాలి. బాగా ఆడేవాళ్ళు నలుగుర్ని ఏరి ముందు నిలబెట్టడం ఉండదు. పాతిక మంది కలిసి రికార్డరు ఊదుతారు, కలిసి తాడాట ఆడతారు, కలిసి తైక్వాండో చేస్తారు. వినడానికి గొప్పగా ఉండకపోవచ్చు. కానీ ఇంటికి వెళ్ళి, నన్నెందుకు తీసుకోలేదు అని ఏడ్చే పిల్ల ఉండదు.

ప్రాథమిక బళ్ళ ఆటల పోటీల రోజు ఇంకా పాతది. కొరియాలో తొలి బడి ఆటల పండగగా చెప్పుకునేది 1896 మే నెలలో సియోల్ ఊరి బయట జరిగింది. చేసినవాళ్ళు ప్రభుత్వ ఇంగ్లీషు పాఠశాల విద్యార్థులు, చేయించింది వాళ్ళకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చిన విదేశీ మాస్టార్లు. అంటే విదేశీ టీచరు ఈ పండగలకు మధ్యలో వచ్చిన అతిథి కాదన్నమాట, మొదట్లోనే ఉన్నాడు. తర్వాతి కాలంలో కొరియావాళ్ళు దాన్ని పూర్తిగా తమది చేసుకున్నారు. బడి మొత్తం నీలి జట్టు, తెల్ల జట్టు అని రెండుగా చీలుతుంది. తాడు లాగుతారు, రిలే పరుగులు తీస్తారు. చివర్లో ఎత్తైన కర్రలకు కట్టిన పెద్ద గుమ్మడికాయంత సొరబుర్రల మీదికి గింజలు కుట్టిన చిన్న గుడ్డ సంచులు విసురుతారు. ముందు ఏ జట్టు బుర్ర పగిలితే ఆ జట్టు గెలిచినట్టు. పగిలిన బుర్రలోంచి రంగు కాగితాలతో పాటు ఒక గుడ్డ జారి వేలాడుతుంది. దాని మీద ఏం రాసి ఉంటుందనుకున్నారు? అన్నం వేళైందని! ఒకప్పుడు అదే అదనుగా ఊరు ఊరంతా మైదానంలో చాపలు పరుచుకుని, ఇంటి దగ్గర చుట్టి తెచ్చిన కింబాప్ విప్పేదట. నాచు రేకులో అన్నం, కూరగాయలు పెట్టి చుట్టి, బిళ్ళలుగా కోసిన చుట్టలు అవి. టీచర్లకు కూడా ఇళ్ళ నుంచి డబ్బాలు వచ్చేవి. 2016 సెప్టెంబరులో అవినీతి నిరోధానికి కఠినమైన చట్టం అమల్లోకి వచ్చాక టీచరుకు ఆ మర్యాదలు ఆగిపోయాయి. ఇప్పుడు పిల్లలు చాలా చోట్ల బడి భోజనశాలలోనే తినేసి వస్తారు.

చాపలు పోయాయి, పిల్లలూ తగ్గారు. 2023లో కొరియాలో ఒక స్త్రీకి సగటున పుట్టే పిల్లల సంఖ్య 0.72కి దిగింది, ఒక్కరు కూడా కాదు. పల్లెల్లో రెండు జట్లు కట్టడానికి పిల్లలు చాలని బళ్ళు ఉన్నాయి. పట్నాల్లో కష్టం మరో రకం. చుట్టూ అపార్టుమెంట్లు, గోల అంటూ ఫిర్యాదులు. పండగకు ముందు గేటు బయట క్షమించమని నోటీసు కడుతున్నాయి కొన్ని బళ్ళు. ఈ మధ్య ఒక బడిలో చిన్నపిల్లలంతా ఆటలు మొదలుపెట్టే ముందు అపార్టుమెంట్ల వైపు తిరిగి, ఇవాళ ఒక్కరోజు కాస్త ఆడుకుంటాం, క్షమించండి అని గొంతెత్తి చెప్పిన వీడియో దేశమంతా తిరిగింది. పిల్లలు పుట్టడం లేదని బాధపడే దేశంలోనే పిల్లల గొంతు వినబడితే ఫిర్యాదు. దీని మీద నేను వేరే వ్యాఖ్య చెయ్యను.

మళ్ళీ మా మిడిల్ స్కూలు హాలుకు వద్దాం. మొదటి అంశం చాలా చోట్ల సముల్‌నోరి. చేతిలో పట్టుకుని కొట్టే చిన్న కంచు పళ్ళెం, పెద్ద గంట పళ్ళెం, నడుము సన్నగా ఉండే జాంగు, లావుపాటి బుక్ అనే డోలు, ఈ నాలుగు వాద్యాలు. పొలాల్లో, ఊరి పండగల్లో రైతులు వాయించే మేళాన్ని 1978లో సియోల్‌లోని ఒక చిన్న థియేటరులో కిమ్ దుక్-సూ బృందం కచేరీగా మార్చింది. ఇవాళ అది బడుల్లో క్లబ్బుగా నిలదొక్కుకుంది. మొదట నెమ్మదిగా మొదలై, చివరికి ఆ నాలుగు వాద్యాలు ఒకదాన్నొకటి తరుముకుంటుంటే మన డప్పుల దరువు గుర్తుకు రాక మానదు. అది అయిన మరుక్షణం కె-పాప్ దిగుతుంది. ఇక సాయంత్రం దాకా అదే.

ఇక్కడే మా అమెరికా మిత్రుడు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడట. మగపిల్లలు ఆడపిల్లల యూనిఫాం గౌన్లు వేసుకుని, విగ్గులు పెట్టుకుని, పెదాలకు రంగేసుకుని, ఆడపిల్లల బృందాల డాన్సులు అచ్చు గుద్దినట్టు చేస్తారు. కొన్ని బళ్ళలో ఆడవేషంలో ఎవరు బాగున్నారని పోటీ పెట్టి బహుమతి కూడా ఇచ్చేవాళ్ళు. ముస్తాబు చేసేది క్లాసులోని ఆడపిల్లలే. వేషం వేసేది ఎవరు? సాధారణంగా క్లాసులో కండబలమున్న, అందరూ మెచ్చే కుర్రాడే. వాడి మగతనాన్ని ఎవరూ శంకించరు కాబట్టే వాడికా ధైర్యం అని మా మిత్రుడి వాదన. తన దేశంలో ఇదే పని చేసిన పిల్లవాడిని మర్నాడు బడిలో బతకనివ్వరేమోనని భయపడ్డాడు.

నాకు ఆ భయం కలగలేదు. స్థానం నరసింహారావు సత్యభామగా నిలబడితే చూడటానికి జనం బళ్ళు కట్టుకుని వెళ్ళారని మా తాతల నోట విన్నవాణ్ణి. ఆయనకు 1956లో పద్మశ్రీ ఇచ్చారు. కూచిపూడిలో వేదాంతం సత్యనారాయణశర్మ స్త్రీ వేషాల గురించి పండితులు వ్యాసాలు రాశారు. కొరియాకూ ఇలాంటి గతం ఉంది. నమ్‌సాదాంగ్ అని మగవాళ్ళే ఉండే దేశదిమ్మరి ఆటగాళ్ళ బృందాలు ఊరూరా తిరిగేవి. తాడు మీద నడక, పళ్ళేలు తిప్పడం, బొమ్మలాట, ముసుగు నాటకం వాళ్ళ విద్యలు. బృందంలోని చిన్నవాళ్ళు ఆడవేషాలు కట్టేవాళ్ళు. 2005 చివర్లో అలాంటి ఇద్దరు ఆటగాళ్ళ కథతో వచ్చిన ‘రాజు - విదూషకుడు’ అనే సినిమాను కోటీ ఇరవై లక్షల మందికి పైగా చూశారు. స్త్రీ పాత్రలు కట్టే ఆటగాడిగా నటించిన కుర్రాడు రాత్రికి రాత్రి తార అయిపోయాడు. అయినా ఒక మాట ఉంది. స్థానంవారి సభలో ఆడతనం ఒక కళ, ఈ హాల్లో అది చాలావరకు నవ్వులాట. ఆ నవ్వులో ఆడపిల్లల నడకను ఎగతాళి చెయ్యడం కూడా కలిసి ఉంటుంది. ఆ సంగతి గుర్తించి ఇలాంటి పోటీలు వద్దంటున్నవాళ్ళు ఇప్పుడు కొరియాలోనే ఉన్నారు. వాళ్ళ వాదనలో బలం ఉందని నా అభిప్రాయం.

ఇంకా చాలా వాటికి మా మిత్రుడు కనుబొమలు ఎగరేసేవాడు. మగపిల్లలు ఒకరి ఒళ్ళో ఒకరు కూర్చుని పాట వింటారని, ఆడపిల్లలు చేతులు పట్టుకుని తిరుగుతారని! మన కాలేజీ గోడల మీద కుర్రాళ్ళు భుజాల మీద చేతులేసుకుని కూర్చోవడం చూసి పెరిగిన నాకు అందులో విశేషమేమిటో అర్థం కాలేదు. క్లాసురూముల్లో గ్యాసు పొయ్యిలు పెట్టి పిల్లలే తొక్‌పొక్కి వండి అమ్ముతుంటే, ఎవరికైనా చెయ్యి కాలితే కేసు పెట్టరా అని అడిగాడు. ఎర్రటి కారం పాకంలో ఉడికిన బియ్యప్పిండి ముక్కలు కాగితం గ్లాసులో తింటూ నేనేమీ జవాబివ్వలేదు.

నన్ను నిలువునా ఆపేసింది వేరే అంశం. ముగ్గురు పిల్లలు స్టేజీ ఎక్కి మా టీచర్లను అనుకరించారు. లెక్కల మాస్టారు కళ్ళజోడు ముక్కు చివరికి దించి చూసే చూపు, డిప్యూటీ హెడ్మాస్టరు గేటు దగ్గర జుట్టు పట్టి చూసే తీరు, ఇంగ్లీషు చెప్పే ఈ విదేశీయుడు తల అటూ ఇటూ ఊపే ఊపు, ఏదీ వదల్లేదు. ఆ టీచర్లంతా ఎదురుగానే ఉన్నారు. పొద్దున అదే పిల్లలు వరండాలో వాళ్ళకు నడుము దాకా వంగి నమస్కారం పెట్టారు. రేపు మళ్ళీ పెడతారు. ఏడాది పెద్దవాణ్ణి కూడా పేరు పెట్టి పిలవని దేశం అది. మరి ఇదెలా చెల్లింది?

చెల్లడానికి పాత ఆనవాయితీ ఉంది. ఆందోంగ్ పక్కన హాహ్వే అనే ఊరుంది, ర్యూ వంశపు కులీనులది. అక్కడ శతాబ్దాలుగా ఊరి దేవత పండగకు ముసుగు నాటకం ఆడేవాళ్ళు. ఆడేది కింది తరగతి జనం. ఎగతాళి ఎవరి మీద? దొర మీద, పండితుడి మీద, సన్యాసి మీద. నేను నాలుగు గ్రంథాలు చదివానని పండితుడంటే, నేను ఎనిమిది చదివానని దొర అంటాడు. ఎనిమిది లేవన్న సంగతి చూసేవాళ్ళకు తెలుసు. ఆ గొప్ప గ్రంథాల పేర్లు నేను చెబుతానంటూ నౌకరు ముందుకొచ్చి నోటికొచ్చింది అప్పజెబుతాడు. ఈ ఆటను ఊళ్ళోని దొరలే సాగనిచ్చారు, ఖర్చులకూ సాయం చేశారు. ఒక్క రోజు నోరు తెరవనిస్తే మిగతా రోజులు మూసుకుని ఉంటారన్న లెక్క అందులో ఉందేమో! కొరియా ముసుగు నాట్యాలను 2022లో యునెస్కో తన వారసత్వ జాబితాలో చేర్చింది. మా పిల్లలకు ఇదంతా తెలుసని నేను చెప్పను. పండగ రోజు ఎంత దూరం పోవచ్చో మాత్రం వాళ్ళకు బాగా తెలుసు. టీచరు చూపును అనుకరించారు గాని, టీచరు ఇంటి సంగతి ఎత్తలేదు.

పిల్లల వేళాకోళం పడటంతో టీచర్ల పని అయిపోదు. వాళ్ళూ ఎక్కాలి. ఏటా కొత్తగా చేరిన టీచర్లంతా కలిసి ఒక డాన్సు చెయ్యడం అక్కడ చాలా బళ్ళలో రివాజు. పండగకు ముందు సాయంత్రాలు సైన్సు గదిలో తలుపులేసుకుని సాధన చేస్తారు. ఆ రోజు హాలు దద్దరిల్లేది దీనికే. పిల్లల డాన్సుకు పది కేకలుంటే టీచర్ల డాన్సుకు వంద. రిటైరవడానికి దగ్గరపడ్డ హెడ్మాస్టరు మెరుపుల కోటు తొడుక్కుని పాతకాలపు ‘ట్రాట్’ పాట అందుకున్నాడంటే పిల్లలు ఫోన్లలో దీపాలు వెలిగించి ఒకే లయలో ఊపుతారు. రోజూ పొద్దున్నే టీచర్లు వసూలు చేసి పెట్టెలో పెట్టే ఫోన్లు ఆ ఒక్కరోజు పిల్లల చేతుల్లోనే ఉంటాయి.

పెద్దవాడు పాడితే పెద్దరికం పోతుందన్న బెంగ వాళ్ళకు లేదు. పాడమన్నప్పుడు బిగుసుకుని కూర్చుంటేనే పలచనవుతాడు. 2023 ఫిబ్రవరిలో ఢిల్లీలోని కొరియా రాయబార కార్యాలయం ‘నాటు నాటు’కు డాన్సు చేసి వీడియో పెట్టింది, మీలో చాలామంది చూసే ఉంటారు. సిబ్బందితో పాటు రాయబారి చాంగ్ జే-బోక్ కూడా కాలు కదిపారు. మనవాళ్ళు ఆశ్చర్యపోయారు, ఒక దేశపు రాయబారి ఇలా గంతులేస్తాడా అని. నాకు మాత్రం అందులో మా బడి హెడ్మాస్టరే కనిపించాడు. కార్యాలయమంతా ఆడుతుంటే పై అధికారి పక్కన నిలబడి చూడటం వాళ్ళ లెక్కలో మర్యాద కాదు.

విదేశీ టీచరుకు మినహాయింపు ఉంటుందనుకునేరు. అతణ్ణి ముందు న్యాయనిర్ణేతగా కూర్చోబెడతారు. చేతిలో మార్కుల కాగితం పెడతారు, పాట ఏమిటో తెలియకపోయినా వెయ్యాల్సిందే. గెలిచినవాళ్ళకు కప్పులూ షీల్డులూ ఉండవు. పుస్తకాలకో సినిమాకో వాడుకునే కూపన్లు కవర్లో పెట్టి ఇచ్చేస్తారు, అరనిమిషం పని. ఆ తర్వాత వ్యాఖ్యాత పిల్ల గబుక్కున అతని పేరు పిలుస్తుంది. ముందుగా చెప్పారా అంటే, చెప్పి ఉండరు.

హాల్లో లేనివాళ్ళ సంగతి కూడా చెప్పాలి. హైస్కూలు పండగల్లో, ముఖ్యంగా అక్టోబరులో చేసుకునే చోట్ల, ఆఖరి సంవత్సరం పిల్లలు ఆటలో ఉండరు. కింది తరగతుల గోల వాళ్ళకు కిటికీలోంచి వినబడుతుంటుంది. నవంబరులో ఒక గురువారం వాళ్ళకు ‘సునుంగ్’ అనే విశ్వవిద్యాలయ ప్రవేశ పరీక్ష. ఆ రోజు ఆఫీసులు ఆలస్యంగా తెరుస్తారు, స్టాకు మార్కెట్టు గంట ఆలస్యంగా మొదలవుతుంది. ఇంగ్లీషు వినికిడి పరీక్ష జరిగే అరగంట పైచిలుకు దేశంలో విమానాలు దిగవు, ఎగరవు. ఆలస్యమైన పిల్లల్ని పోలీసులు మోటారు సైకిళ్ళ మీద దింపుతారు. మన ఇంటర్మీడియట్ పిల్లల తల్లిదండ్రులకు ఇది చెబితే ఎవరూ ఆశ్చర్యపోలేదు. పైగా, ఎంత బాగా చూసుకుంటున్నారో అన్నారు! కొరియాను నాకు మా మిత్రుడి కంటే మన విజయవాడ, హైదరాబాదు కార్పొరేట్ కాలేజీలే ఎక్కువ అర్థమయ్యేలా చేశాయని ఒక్కోసారి అనిపిస్తుంది. ఒక తేడా మాత్రం ఉంది. కొరియా బళ్ళు ఆఖరి ఏడు దాకా పిల్లలకు పండగను దక్కనిస్తాయి. మన కాలేజీలు కొన్ని మొదటి ఏడాది నుంచే ఆ ఖర్చు తగ్గించుకున్నాయి.

నాలుగున్నరకల్లా అంతా అయిపోతుంది. స్పీకర్లు ఆగిన మరుక్షణం విగ్గు పెట్టుకున్న కుర్రాడే చీపురు పట్టుకుంటాడు. అక్కడ రోజూ బడి ఊడ్చేది ఎక్కువగా పిల్లలే కాబట్టి ఎవరికి ఏ మూల అన్నది ఎవరూ చెప్పనక్కర్లేదు. నల్ల సంచులు ఊడదీసి, బల్లలు సర్ది, పొయ్యిలు తుడిచి, చెత్తను కాగితం వేరు, ప్లాస్టిక్ వేరు, తిండి వేరు చేసి మూటలు కడతారు. మన వార్షికోత్సవం మర్నాడు పొద్దున మైదానంలో కాగితం ప్లేట్లు ఎగురుతుంటే షామియానా కుర్రాళ్ళ కోసం ఎదురుచూసే హెడ్మాస్టరు ఎవరైనా ఇది వింటుంటే, ఆయన నిట్టూర్పు నాకు ఇక్కడికి వినబడుతోంది.

టీచర్లకు ఇంకో అంకం మిగిలి ఉంటుంది, ‘హ్వెషిక్’ అనే విందు. బల్ల మధ్యలో నిప్పుల మీద మాంసం కాలుతుంటుంది, శాకాహారికి ఆకులు, కూరగాయలతో సరి. ఎవరి గ్లాసు వాళ్ళు నింపుకోకూడదు, పక్కవాళ్ళు నింపాలి. పెద్దవాళ్ళు పోస్తే రెండు చేతులతో పట్టాలి, తాగేటప్పుడు ముఖం పక్కకు తిప్పుకోవాలి. అందులో ఉన్నది నీళ్ళయినా మర్యాద మర్యాదే. మధ్యాహ్నం మెరుపుల కోటులో ఎగిరిన హెడ్మాస్టరు ఇప్పుడు మళ్ళీ బల్లకు తల దగ్గర కూర్చుంటాడు, ఆయన చాప్‌స్టిక్స్ అందుకునేదాకా ఎవరూ ముద్ద ముట్టరు. భోజనాలయ్యాక అక్కడినుంచి అద్దెకిచ్చే పాటల గదికి వెళతారు. అక్కడా పాడాలి, వరస ప్రకారం, ఎవరూ తప్పించుకోకుండా.

ఇది వింటున్న టీచర్లలో రేపు ఎవరికైనా ఆ దేశం వెళ్ళే అవకాశం వస్తే, సర్టిఫికెట్లతో పాటు ఒక పాట కూడా సిద్ధం చేసుకుని వెళ్ళండి. మూడు నిమిషాలు దాటకూడదు. ఆలాపన అసలు వద్దు, వాళ్ళు ఓపిక పట్టరు. రెండో పంక్తికల్లా చప్పట్లు కలిసేలా ఉండాలి. తెలుగులోనే పాడండి, అర్థం ఎవరూ అడగరు. కాలు కదిపితే ఇంకా మంచిది.